నిప్పు ఆర్పని మోటారు మీద అమర్‌కంటక్‌కి

మా చీపురుపల్లి నుంచి బిలాస్‌పూర్ వెళ్ళినవాళ్ళు వీధికి ఇద్దరు ముగ్గురు దొరుకుతారు. ఇక్కడ పొలం లేనివాడికి అక్కడ రైల్వే ఉంది. కానీ రైలు శుభ్రంగా పెండ్రా రోడ్డు దాకా పోతుండగా, జేబులో పాసు కూడా ఉండగా, బిలాస్‌పూర్ నుంచి అమర్‌కంటక్‌కి మోటారు మీద వెళ్ళిన తెలివైనవాళ్ళ బృందంలో ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే ఉన్నాను. తిరిగి వచ్చినప్పటినుంచీ నా కొట్టుకి బట్టలకని వచ్చినవాళ్ళు గజం గుడ్డ చింపేలోగా ఆ కథ చెప్పమంటున్నారు. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి రాస్తున్నాను. వెళ్ళదలచుకున్నవాళ్ళు చదువుకోవచ్చు. వెళ్ళనివాళ్ళు వెళ్ళనందుకు సంతోషించవచ్చు.

బిలాస్‌పూర్ క్వార్టర్లు

స్టేషన్లో దిగగానే ముందు తగిలేది బొగ్గు వాసన, తరవాత మన భాష. మా అక్క ఉండే లైనులో తలుపులు వరసగా తట్టుకుంటూ పోతే బొబ్బిలి, పలాస, పార్వతీపురం అన్నీ తగులుతాయి. ఆడవాళ్ళు కూరగాయలవాడితో హిందీలో బేరమాడి, అతను మలుపు తిరగ్గానే తెలుగులో తిట్టుకుంటారు. మాటకి ముందు అచ్ఛా, మాట చివర ఏటి. రెండు రోజుల్లో నాకూ అంటుకుంది.

మా బావ సింహాచలం గూడ్సు ఇంజను డ్రైవరు. డ్రైవరుగా ఉండేవాడు అనాలి. ఆ చలికాలం కళ్ళు పరీక్ష చేయడానికి కొత్త డాక్టరు వచ్చాడట. రంగురంగుల ఉన్ని దారపు చుట్టలు, చిలపలంటారు, బల్లమీద పోసి ఎర్రవన్నీ ఒకపక్కకి తియ్యమన్నాడు. పాత డాక్టరు వాటిని ఎప్పుడూ ఒకే వరసలో పేర్చేవాడు, ఆ వరస బావకి కంఠతా వచ్చు. కొత్తాయన కలిపి పోశాడు. బావ తీసిన ఎర్ర చిలపల్లో సగం ఆకుపచ్చవి. అలా బయటపడింది, మా బావకి పుట్టినప్పటినుంచీ ఆ రెండు రంగులకీ తేడా తెలియదని. మరి ఇన్నేళ్ళూ బండి ఎలా తోలాడంటే, పగలు సిగ్నలు చెయ్యి పైకుందో కిందికుందో చూసుకున్నాడు. చీకటి పడితే మసగ్గా కనిపించేది ఎరుపు, తెల్లగా మెరిసేది పచ్చ అని గుర్తు పెట్టుకున్నాడు. ఒక్క ప్రమాదం లేదు. అయినా ఇంజను మీంచి దింపి, షెడ్డులో నూనే దూదీ పంచే పనిలో పెట్టారు.

ఈ సంగతి నాకు చెప్పడానికి అక్క నన్ను పెరట్లోకి తీసుకెళ్ళింది. పెరట్లో కూడా చెవిలోనే చెప్పింది. ఆయన ముందర ఆ మాట ఎత్తకూడదు. ఎంత ఎత్తకూడదంటే ఆ ఇంట్లో రంగుల పేర్లే పలకడం మానేశారు. పచ్చిమిరపకాయల్ని అక్క కారపుకాయలు అంటోంది. బట్టల కొట్టువాణ్ణి, పొద్దున్న లేస్తే రంగుల పేర్లు చెప్పుకు బతికేవాణ్ణి, ఆ ఇంట్లో నోరు కట్టుకుని కూచోవడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి.

గోల్ బజార్

ఇంజను దిగిన మనిషి అన్నం సయించక, నిద్ర పట్టక, చివరికి ఒక పాత మోటారు కారు కొన్నాడు. అడవి కాంట్రాక్టరు ఒకాయన వాడి పారేసినది. కాలనీ అంతా నవ్వింది. అందుకని బావ తెల్లారకుండా అర్పా నది దాటి, సర్కండా అవతలి బండిదారుల్లో తోలడం నేర్చుకున్నాడు. గోల్ బజార్లో గింజల వ్యాపారం చేసే సేఠ్ ఒకాయన ఆ బండి తన కొడుకు పెళ్ళి ఊరేగింపుకి కావాలని రోజూ కబురు పంపుతున్నాడు.

అక్క ఒక షరతు పెట్టింది. "సూరీ, నువ్వు సాక్షివి. ఈ బండి నన్ను నర్మద పుట్టిన కాడికి తీసికెల్లి, తన కాళ్ళ మీద తను ఇంటికి రావాలి. వొచ్చిందా, జన్మలో నాను మాట్టాడను. దారిలో ఎడ్లు కట్టి లాగేరా, సేఠ్‌కి ఇచ్చీడమే."

"ఎడ్లెందుకు కడతారే," అన్నాడు బావ. "ఒట్టు. కడితే ఇచ్చీస్తాను."

ఆ మనిషికి మిగిలిన ఇంజను అదొక్కటే. అది కూడా పోతే ఇక దూదీ నూనే.

బయలుదేరే ముందురోజు గోల్ బజార్ అంతా తిరిగాం. చాంపా నుంచి వచ్చే కోసాపట్టు అక్కడ మన ధరలో సగానికి దొరుకుతుంది, పోగు మన దసిలి పట్టు కంటే బిగువు. వేడి జిలేబీలు పాలల్లో వేసుకుని తినడం వాళ్ళ అలవాటు. మొదట ఇదేం పని అనిపిస్తుంది, మూడో జిలేబీకి మనమేం పోగొట్టుకుంటున్నామో తెలుస్తుంది.

పెట్రోలు డబ్బాలు కొంటూ బావ నాకు మోటారు గుట్టు చెప్పాడు. రైలింజనుకి కడుపులో నిప్పు ఎప్పుడూ మండుతూనే ఉంటుంది. మోటారుకి అలా కాదు, చిన్న నిప్పురవ్వ పుట్టాలి, ఆరాలి, మళ్ళీ పుట్టాలి. రవ్వని పుట్టించే డబ్బా మాగ్నెటో. రవ్వ రాలే చోటు ప్లగ్గు. ఇంజనులో పెట్రోలు మండే నాలుగు గదులకి నాలుగు ప్లగ్గులు, మాగ్నెటో నుంచి వాటికి నాలుగు నల్లటి తీగలు. ఏ తీగ ఏ ప్లగ్గుదో దానికే తగిలించాలి, లేకపోతే రవ్వ ఒక గదిలో పుట్టాల్సింది పక్క గదిలో పుడుతుంది.

"పుడితే ఏమవుతుంది?" అన్నాను.

"తెలీదు. పుట్టనివ్వలేదు గదా," అన్నాడు బావ.

కర్గీ రోడ్

మాతో నాలుగో మనిషి గార్డు అప్పలస్వామి గారు. బావ బండికి చాలాకాలం గార్డుగా చేశారు. గార్డు లేకుండా డ్రైవరు కదలకూడదని సెలవు పెట్టి మరీ వచ్చారు. వెనక సీట్లో మా అక్క పక్కన, వెనక్కి తిరిగి, సీటు మీద మోకాళ్ళేసి కూచున్నారు. వెనక పెట్టెలు ఊడిపోయాయేమో చూసుకోవాలట. మాకు వెనక పెట్టెలు లేవు. అయినా ఆయన విజిల్ వేసి పచ్చజెండా ఊపితేనే బావ బండి తీసేవాడు.

కర్గీ రోడ్ స్టేషన్లో పని చేసే బొబ్బిలి మనిషి ఇంట్లో మధ్యాహ్నం భోజనం. లాల్ భాజీ అని ఒక తోటకూర వేపుడు, చీలా అని బియ్యప్పిండి అట్టు. మన అట్టుకి చెల్లెలు, కాస్త మెత్తనిది. వెల్లుల్లి కారంతో పెడితే నేను లెక్క మరిచిపోయాను. కానీ నాకు ఆ భోజనం మోటార్లోనే జరిగింది. ఎందుకంటే బావ ఇంజను ఆపనన్నాడు.

"షెడ్డులో తప్ప నిప్పు ఆర్పకూడదు సూరీ. ఒకసారి ఆర్పీసేవంటే మళ్ళీ రాజెయ్యడానికి పూట పడతాది."

"అది రైలింజను కదా బావా?"

"ఇంజనంటే ఇంజనే."

గార్డు గారు కూడా తల ఊపారు. జీవితమంతా ఆవిరి బండ్ల మీద గడిపిన ఇద్దరు మనుషులకి మంట ఆర్పడమనేది చేతులు రాని పని. అందుకని వాళ్ళు చాప మీద బాసింపట్టు వేసుకుని తింటుంటే, నేను బండిలో కూచుని, ఒళ్ళో విస్తరి పెట్టుకుని, ఒక కాలితో పెడలు నొక్కుతూ తిన్నాను. కాలు తీస్తే ఇంజను దగ్గేది. ఇంజను దగ్గితే లోపల్నుంచి బావ కూడా దగ్గేవాడు. భోజనం అయ్యాక వాళ్ళు ఒక కునుకు కూడా తీశారు. నేను మాత్రం కదలని బండిని తోలుతూనే ఉన్నాను. ఊళ్ళో జనం వచ్చి, ఈయన ఎక్కడికీ పోకుండా ఇంత పొగ ఎందుకు వదులుతున్నాడని అడిగారు. లోపల పడుకున్నాయన్ని లేపి అడగమన్నాను.

అచానక్‌మార్ అడవి

కర్గీ రోడ్ దాటాక సాలు చెట్ల అడవి. ఇప్పపూలు నేలంతా రాలి, గాలి మత్తుగా, కాస్త పులిసినట్టుగా ఉంటుంది. గోండు ఆడవాళ్ళు వాటిని బుట్టల్లోకి ఏరుతున్నారు. మధ్యమధ్య ఆకుల్లేని మోదుగచెట్లు ఒళ్ళంతా పూసి నిలబడ్డాయి. ఎంత ఎర్రగా ఉన్నాయో అనబోయి నాలిక కరుచుకున్నాను. అక్క నా వీపు మీద ఒకటి వేసింది, అనకుండానే.

లమ్నీ ఊరు ఇంకా కనపడకుండానే బండి ఎక్కిళ్ళు మొదలుపెట్టింది. నాలుగు అడుగులు పోవడం, ఒళ్ళు విదిలించుకోవడం. చివరికి ఒక వాగు ఒడ్డున నిలబడిపోయింది. బావ దిగి ముందున్న హేండిల్ తిప్పాడు, నేను తిప్పాను, గార్డు గారు విజిల్ వేశారు. పలకలేదు.

చుట్టూ అడవి. పులులుండే అడవి అని కర్గీ రోడ్‌లో మరీ మరీ చెప్పారు. ఎండ వాలుతోంది. అప్పుడు అటువైపు ఒక గోండు రైతు తన ఎడ్లని తోలుకుని వచ్చాడు. మేం అడగలేదు. అతనే చూసి నవ్వి, తాడు కట్టి, ఎడ్లని అదిలించాడు. బావ స్టీరింగు పట్టుకుని తిన్నగా ముందుకి చూస్తూ కూచున్నాడు, తనని లాగుతున్నది ఏదో తనకి తెలియనట్టు. నేను అక్కకేసి చూశాను. అక్క చెట్లకేసి చూస్తోంది. ఒట్టు పోయింది, బండీ పోయిందనుకున్నాను.

లమ్నీ

ఆ ఊళ్ళో నీళ్ళలో నానబెట్టిన అన్నం పెట్టారు. బోరే బాసి అంటారు, మన చద్దన్నమే, ఉల్లిపాయతో. పొద్దున్న అది తిన్నాక బావ ఇంజను మూత ఎత్తి ప్లగ్గులు విప్పాడు. నాలుగూ మసి పట్టి, అప్పుడే పొయ్యిలోంచి తీసినట్టున్నాయి. నిలబెట్టి గంటల తరబడి ఇంజను తిప్పితే వచ్చే జబ్బు అది. మసి మీదనుంచి రవ్వ ఎలా దూకుతుంది?

అక్క వాటిని చూడగానే బూడిదా కొబ్బరి పీచూ అందుకుంది. అంట్లగిన్నెల పక్కన కూచుని ఇంజను ప్లగ్గులు తోమి, కడిగి, తడి ఆరడానికి పెనం మీద వేయించింది. ఊరి ఆడవాళ్ళు చుట్టూ చేరి, ఇవి తినేవేనా అని అడిగారు. బావ ఒక్కోదాని మొనల మధ్య సందులో పోస్టుకార్డు అంచు దూర్చి చూసి, సరిపోయిందన్నాడు.

ఇక తీగలు. అవి నాలుగూ ఒకే పొడుగు, ఒకే నలుపు. విప్పేటప్పుడే గార్డు గారు అన్నారు, "డ్రైవరన్నా, గుర్తు పెట్టుకోవాల. ఉండండి." తన పాత జెండాలు చింపి మొదటి తీగకి ఎర్రగుడ్డ, రెండోదానికి పచ్చగుడ్డ, మూడోదానికి తన రుమాలు ముక్క కట్టారు. నాలుగోదానికి ఏమీ కట్టలేదు. పాపం ఆయన కావాలని చేసింది కాదు. ఆ ఉద్యోగంలో గుర్తు అంటే అవే రంగులు.

బావ ఒక్క క్షణం ఆ గుడ్డలకేసి చూశాడు. "సరే," అన్నాడు.

అక్కా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కానీ ఏమని చెబుతాం? చెబితే ఆ మాట ఎత్తినట్టే.

ప్లగ్గులు బిగించాక తీగలు తగిలించబోతూ బావ ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఇంజను డ్రైవరుది, జెండా గార్డుది, ఒకరి దాంట్లో ఒకరు వేలు పెట్టకూడదని వాళ్ళ రివాజు. రుమాలు తీగ మూడోదానికి, ఏమీ లేనిది నాలుగోదానికి వేశాడు. మిగిలిన రెండూ రెండు చేతుల్లో పట్టుకుని చూశాడు. గుడ్డలు అమ్ముకునేవాణ్ణి కాబట్టి నాకు చూడగానే తెలిసింది. ఎర్రజెండా కొత్తది. పచ్చజెండా నూనే మసీ తాగి మసకబారిపోయింది. మసకది ఎరుపు, మెరిసేది పచ్చ అన్నది మా బావ జీవితమంతా నమ్ముకున్న సూత్రం. ఆ సూత్రం ప్రకారం పచ్చగుడ్డ తీగ మొదటి ప్లగ్గుకి, ఎర్రగుడ్డ తీగ రెండోదానికి తగిలించి, "తిప్పు సూరీ," అన్నాడు.

తిప్పాను. ఫిరంగి పేలినట్టు ఢామ్మంది. కోళ్ళు కప్పులెక్కాయి. ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని అడవిలోకి పరిగెత్తారు. హేండిల్ ఎదురు తన్ని నన్ను పేడకుప్పలో కూచోబెట్టింది.

గార్డు గారు ఒకసారి తీగలకేసి, ఒకసారి బావకేసి చూశారు. తను చేసిన పని అప్పుడు తెలిసి మొహం తెల్లబోయింది. ఆ తరవాత జరిగింది రాయాలంటే నాకే నవ్వొస్తోంది. ముగ్గురికీ కారణం తెలుసు, ముగ్గురమూ వేరే కారణాలు వెతకడం మొదలుపెట్టాం.

"పెట్రోల్లో నీళ్ళు కలిపీసుంటారు," అన్నారు గార్డు గారు, నేల చూపులు చూస్తూ.

"అడవి గాలి పడలేదేమో," అన్నాను.

"నర్మదమ్మకి మొక్కు చెప్పలేదు," అంది అక్క. వెంటనే కొబ్బరికాయ కొట్టింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ ఢామ్మంది.

ఇంతలో ఊరివాళ్ళు తిరిగొచ్చి తమ పూజారిని తెచ్చారు. బైగా అంటారు ఆయన్ని. పెద్దమనిషి. ఇంజను చుట్టూ తిరిగి, ఇప్పసారా చిలకరించి, ఏదో జపిస్తూ నన్ను తిప్పమని సైగ చేశాడు. నేను తిప్పుతుండగా ఒక తీగ మొన పట్టుకున్నాడు. వెంటనే గెంతి రెండు బారల అవతల పడ్డాడు. జనం గొల్లుమన్నారు. ఆయన తాపీగా లేచి, పంచె దులుపుకుని, చెయ్యి తడుముకుంటూ చెప్పాడు: దేవుడు లోపల ఉన్నాడు, బతికే ఉన్నాడు, కానీ మీ మీద కోపంగా ఉన్నాడు.

బావ ఆ మాట విని ఒక్కొక్క వేలే మడిచాడు. తనలో తను అనుకున్నట్టుగా, "నిప్పుంది. పెట్రోలుంది. గాలుంది. మరి లేనిది వరసే," అన్నాడు.

ఊరంతా చూస్తోంది. బావ వంగి ఆ రెండు తీగలూ పీకి అరచేతిలో పెట్టుకున్నాడు. నేను ఏదైనా అబద్ధం దొరుకుతుందా అని వెతుకుతున్నాను. దొరకలేదు.

"సామీ," అన్నాడు బావ గార్డు గారితో. "ఇందులో ఎర్రది ఏదో చెప్పు. నాకు తెలీదు."

గార్డు గారు వేలితో తాకి చూపించారు.

"అదా? అది పచ్చనుకున్నాను. మెరుస్తోంది గదా." అని, ఎర్రగుడ్డ తీగ మొదటి ప్లగ్గుకి, పచ్చగుడ్డది రెండోదానికి తగిలించాడు. నేను తిప్పాను. బండి గురక పెట్టినట్టు మెత్తగా అందుకుంది. బైగా దేవుడు శాంతించాడని ప్రకటించి, మిగిలిన ఇప్పసారా తను తాగాడు.

అమర్‌కంటక్

కేవచీ ఘాట్ ఎక్కి సాయంత్రానికి చేరాం. నర్మద పుట్టే చోటు ఎంతో పెద్దగా ఉంటుందనుకుని వెళ్ళకండి. ఒక రాతి కుండం, దాని చుట్టూ గుళ్ళు, మన నాగావళిలో ఎండాకాలం ఉండే నీళ్ళపాటి నీళ్ళు. కానీ చలి మాత్రం అసలైనది. అక్క మూడు మునకలేసి లేచేసరికి పళ్ళు టకటకలాడుతున్నాయి.

బావ సత్రం ముందు బండి ఆపి, కాసేపు ఆలోచించి, ఇంజను ఆర్పేశాడు. "మసి పడతాది," అన్నాడు, ఎవరూ అడక్కుండానే. పొద్దున్న రెండో తిప్పుకే అంటుకుంది. గార్డు గారు కూడా ఆ రోజునుంచి ముందుకి తిరిగి కూచున్నారు. మెడ నొప్పి అన్నారు గానీ, బావ మొహం కనపడేలా కూచోవాలని ఆయనకి అనిపించిందని నా నమ్మకం.

తిరుగుదారి

దిగేటప్పుడు మా బావ ఒక కొత్త జబ్బు పట్టుకున్నాడు. కనపడిన ప్రతిదాని రంగూ అడగడం. "సూరీ, ఆ చెట్టుకి పూసినదేటి?" మోదుగ అన్నాను, మాంచి ఎరుపు, పెళ్ళికూతురి పారాణి లాంటిది అన్నాను. "అచ్ఛా," అని బండి ఆపి దిగి ఒక పువ్వు కోసి చూశాడు. "ఆ పిట్టేటి? ఆ గోండుపిల్ల గుడ్డేటి?" నాకు ప్రాణం లేచొచ్చింది. అన్నాళ్ళు నోరు కట్టుకున్న కసి అంతా తీర్చుకున్నాను. చిలకపచ్చ, వంగపండు, నెమలికంఠం, ఇటికరాయి, కొట్లో ఉన్న రంగులన్నీ విప్పి చూపించాను. అక్క పచ్చిమిరపకాయల్ని పచ్చిమిరపకాయలంది.

కానీ లమ్నీ దాటుతుంటే ఎడ్ల రైతు ఎదురై దణ్ణం పెట్టాడు. బావ కూడా దణ్ణం పెట్టాడు. ఆ తరవాత బిలాస్‌పూర్ దాకా ఏ రంగూ అడగలేదు. ఊరి మొదట్లో, "రేపు సేఠ్ వస్తానన్నాడు," అన్నాడు. ఒట్టు ఒట్టే. మా బావ ఆ రకం మనిషి.

రైల్వే గేటు వేసి ఉంది. గూడ్సు రావాలి. బావ ఇంజను ఆర్పి, వెనక్కి తిరిగి అక్కకేసి చూశాడు.

"ఏటే, నీ చీరేటి రంగు?"

"ఎరుపండి."

"నాకు ఎండాకులా కనపడతాది."

అక్క ఉలిక్కిపడింది. "మరి ఇన్నేళ్ళూ ఎర్రచీరలే కట్టేను. బాగుందనీవారు గదా."

"బాగుండీది కాబట్టే అన్నాను. ఎండాకు బాగోదని ఎవులన్నారు?"

గూడ్సు దడదడలాడుతూ పోయింది. గేటు ఎత్తారు. అక్క కొంగు భుజం నిండా కప్పుకుని, బావకేసి కాకుండా పట్టాలకేసి చూస్తూ అంది:

"రేపు సేఠ్ వస్తే బండి ఇచ్చీది లేదని చెప్పీండి."

"ఎడ్లు కట్టేం గదే. నువ్వూ చూసేవు."

"మీకు ఎరుపు ఎండాకులా కనపడగా లేంది," అంది అక్క, "నాకే ఎడ్లూ కనపడలేదు."